తొమ్మిదో ముడి

మంగళవారం. మధ్యాహ్నం 2.25.

దొరస్వామి బోర్లా పడి ఉన్నాడు. తల ఒక అల్యూమినియం ఫ్రేము మూలకు ఆని ఉంది. ఎడమ కణత దగ్గర చిన్న గాయం. కారిన నెత్తురు ఎండకు అప్పుడే నల్లబడింది.

ఎస్.ఐ. ఇంద్రాణి పక్కన గొంతుక్కూర్చుని చూసింది. అరవై దాటిన మనిషి. గళ్ళ లుంగీ, వెలిసిపోయిన చొక్కా. కాళ్ళకు చెప్పులు లేవు. నుదుటి మీద విభూతి మాత్రం చెదరలేదు. పొద్దున ఏ దేవుడికి దండం పెట్టి బయల్దేరాడో.

చుట్టూ సోలార్ ప్యానెళ్ళు. వందల కొద్దీ, గోడల్లాగా పేర్చి ఉన్నాయి.

తమిళనాడులో గుడియాత్తం దాటి వేలూరు పోయే రోడ్డులో మూడో కిలోమీటరు దగ్గర ఉంది ఆ షెడ్డు. మిద్దెల మీద, పొలాల్లో ఏళ్ళ తరబడి ఎండ తాగి, ఇక పనికిరావని పీకేసిన ప్యానెళ్ళు లారీలెక్కి అక్కడికి వస్తాయి. చట్రం ఊడదీస్తే అల్యూమినియం. తీగ కోస్తే రాగి. పైపొర ఒలిస్తే గాజు. ఆ లోపల గోటి మీద పట్టేంత వెండి. అన్నీ విడివిడిగా పోయి మళ్ళీ ఎక్కడో కొత్త వస్తువులవుతాయి.

“మొదట చూసింది ఎవురు?” అని అడిగింది ఇంద్రాణి.

“నేనే మేడమ్.” సూపర్‌వైజర్ వినోద్‌కుమార్ ముందుకు వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు.

“ఎన్ని గంటలకు?”

“రెండుకు. ఆఫీసు రూములో అన్నం తినేసి బయటికి వచ్చినా. ఇట్లా పడుండాడు. వెంటనే మీకు ఫోన్ చేసినా.”

“షెడ్డులో ఇంకెవురుండారు?”

“ముగ్గురమే. ఈ పొద్దు కరెంటు లేదు గదా మేడమ్. నెలకొకసారి రిపేరు పనికని పొద్దున తొమ్మిదినించి సాయంకాలం అయిదు దాకా ఆపేస్తారు. మెషిన్లు నడవవని అందరికీ లీవు చెప్పినా. చేత్తో చేసే పనికి ఈయన, పాపన్ ఇద్దురే వచ్చినారు.”

“పాపన్ యాడ?”

వినోద్‌కుమార్ గేటు వైపు చూపించాడు. నలభై ఏళ్ళ మనిషి ఒకడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“వాళ్ళిద్దురికీ పొద్దున గలాటా మేడమ్. పదకొండున్నరకు. పాపన్ ఇనుప కడ్డీ ఎత్తినాడు. నేనే అడ్డం పోయినా.”

ఇంద్రాణి లేచి అటూ ఇటూ నడిచింది. శవానికి రెండడుగుల దూరంలో ఎనిమిది ప్యానెళ్ళు వేరుగా, నేల మీద రెండు వరసల్లో పరిచి ఉన్నాయి. పైన నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. పట్టా అంచుల కిందనుంచి నల్ల వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి. జానెడు జానెడు. పేర్చిన మిగతా ప్యానెళ్ళకు వైరన్నదే లేదు. మొదలంటా కోసేశారు.

“వీటికి మాత్రం ఇంతింత వైరు ఏమిటికి ఇడిచిపెట్టినారు?”

“వైరు కోసే పని దొరస్వామిదే. వయసైపోయింది మేడమ్. సగం పని చేస్తాడు, సగం మర్చిపోతాడు.”

3.40కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గాయం చూశాడు. కడ్డీ చూశాడు. పాపన్‌ను చూశాడు.

“గలాటా, కడ్డీ, గాయం. ఇంకేం కావాలమ్మా?” అన్నాడు తమిళంలో. “నాలుగుకు అరెస్టు చూపించు. రేపు నాలుగు లోపల కోర్టులో నిలబెట్టాలి.”

మూడడుగుల ఇనుప కడ్డీ కణత మీద పడితే ఇంత చిన్న గాయమేనా? ఇంద్రాణి అడగాలనుకుంది. ఆయన అప్పటికే జీపు ఎక్కాడు.

సాయంకాలం 5.10. స్టేషన్.

బయట మెట్ల మీద పాపన్ భార్య సురేఖ సద్దికూడు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల పాపన్ నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏమిటికప్పా గలాటా?”

“ఎనిమిది ప్యానెళ్ళకు మేడమ్.”

“అర్థమయ్యేట్టు చెప్పు.”

“నాది ఫ్రేము ఊడదీసే పని. దినానికి నలభై ఊడదియ్యాల. ఆయప్ప వైరు కోసిచ్చినంక నేను ఊడదీస్తా. పదైదు దినాలుగా ఒక ఎనిమిదిటిని పక్కన ఏరి పెట్టుకోనుండాడు. ఇవి చావలేదురా పాపా, పగలగొట్టొద్దు అంటాడు. చెత్తకు చావేంది, బతుకేంది సామీ అన్నా. నీకు తెలీదు పోరా అన్న్యాడు. మాట పెరిగింది.”

“కడ్డీ ఎత్తినావా, లేదా?”

“ఎత్తినా. ప్యానెల్‌ను కొట్టేదానికి. ఆయప్పను కాదు.”

“మధ్యాహ్నం అన్నం టైముకు యాడుండావు?”

“రోడ్డు పక్కన కల్వర్టు మింద.”

“ఎవురితో?”

“ఒక్కణ్ణే. కోపంగా ఉన్నింది. అన్నం కూడా తినలే.”

“ఎవురన్నా చూసినారా?”

“లారీలు చూసింటాయి,” అన్నాడు పాపన్. “కోర్టుకొచ్చి చెప్తాయా మేడమ్?”

ఇంద్రాణి నవ్వలేదు. ఆ మనిషి చేతులు చూసింది. గాజు పెంకులు కోసిన పాత గాట్లు. ఆ చేతులు అబద్ధం ఆడుతున్నట్టు లేవు. కానీ చేతులను చూసి ఏ జడ్జీ వదిలిపెడతాడు?

ఏడు గంటలకు క్వార్టర్స్‌కు పోయి తలుపు తీసింది. దేవుడి గూట్లో దీపం పెట్టింది. ఆ దేవుళ్ళు అమ్మవి. నాలుగు నెలల కిందట అణైకట్‌లో అమ్మ ఇంట్లోనుంచి ఒక సంచిలో తెచ్చుకుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి సాయంకాలం ఫోను చేసేది. “తిన్న్యావా నాయనా?” అనేది. ఇంద్రాణికి తెలుగు అక్షరాలు రావు. మాట మాత్రమే వచ్చు. ఆ మాట ఆడే మనిషి పోయాక, ఆమెతో తెలుగులో మాట్లాడేది నేరం మోపబడినవాళ్ళూ, ఫిర్యాదు ఇచ్చేవాళ్ళూ మాత్రమే. ఇవాళ పాపన్‌తో ముప్పావుగంట మాట్లాడింది. నాలుగు నెలల్లో అంతసేపు ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు.

సామీ, ఈ మనిషి తప్పు చేశాడో లేదో నీకు తెలుసు. నాకెప్పుడు తెలియజేస్తావు?

దీపం ఊరికే వెలుగుతూ ఉంది.

బుధవారం. పొద్దున 8.40. వేలూరు.

పెద్దాసుపత్రి మార్చురీ డాక్టరు పేరు నందిత. చిత్తూరు పక్క అమ్మాయి. ఇంద్రాణి మాట వినగానే తనూ తెలుగులోకి మారింది.

“తల దెబ్బకు పోలేదు మేడమ్. ఎముక చెదరలేదు. పడినప్పుడు తగిలిన గాయం అది.”

“మరి దేనికి పోయినాడు?”

“వేళ్ళు చూడండి.”

రెండు చేతులకూ బొటనవేలి కొన మీద, చూపుడువేలి కొన మీద, తెల్లగా, గుండుసూది తలంత మచ్చలు. నాలుగు.

“కరెంటు,” అంది నందిత. “ఒక చేత్తో ఎక్కి ఇంకో చేత్తో దిగింది. దారిలో గుండె ఉండాది.”

“నిన్న ఆ పక్క యాడా కరెంటే లేదు డాక్టరమ్మా. పొద్దున తొమ్మిదినించి అయిదు దాకా.”

“అది మీరు చూసుకోవల్ల. నేను మచ్చలు చూసి చెప్తా ఉండా.” మళ్ళీ అంది. “ఇంకొకటి. ఆరిన వేళ్ళయితే మచ్చలు ఇంకా పెద్దగా కాలుంటాయి. ఆ టైముకు ఆయన వేళ్ళు తడిగా ఉన్నింటాయి.”

“తడి యాడనుంచి వచ్చింది? మోటారు లేక షెడ్డు కొళాయిలో చుక్క నీళ్ళు లేవు నిన్న.”

నందిత భుజాలు ఎగరేసింది.

కారిడార్‌లోనుంచి ఇంద్రాణి ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది.

“అక్కడ గాజు ఒలిచేదానికి వేడి పలక ఉంది కదా,” అన్నాడు ఆయన. “దాని మీద కాలి ఉంటుంది.”

“అది కరెంటుతో నడిచేది సార్.”

“జనరేటరు?”

“లేదు సార్.”

“నాలుగు వరకు టైముంది. ఏమన్నా దొరికితే చెప్పు. దొరక్కపోతే పాపన్ కోర్టుకు పోతాడు.”

10.30. గుడియాత్తం. నేతవాళ్ళ వీధి.

ఒకప్పుడు ఆ వీధిలో నడిస్తే మగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడేది కాదంటారు. ఇప్పుడు రెండిళ్ళలో మాత్రం వినిపిస్తోంది. దొరస్వామి ఇల్లు ఒకే గది. నేల మధ్యలో మంచమంత మేర వేరే రంగు సిమెంటు.

“ఇక్కడే మగ్గం గుంత ఉన్నింది,” అంది పక్కింటి ముసలావిడ చౌడేశ్వరి. రాట్నం దగ్గరనుంచి లేచి, తాళంచెవి తెచ్చి తలుపు తీసిందీ ఆమే. “మగ్గం అమ్మేసినంక గుంత పూడ్చి సిమెంటు పోసినాడు. దాని మిందనే చాప పరుచుకోని పడుకుంటాడు. పెండ్లాం పోయి తొమ్మిదేండ్లు. పిల్లా జెల్లా లేరు నాయనా.”

ఇంద్రాణి గది చుట్టూ చూసింది. ఒక కుండ. ఒక చాప. దండెం మీద ఒక లుంగీ, ఎర్ర అంచు తెల్ల తుండు ఒకటి. గోడకు దేవుడి పటం. పైన దూలానికి హోల్డరు వేలాడుతోంది.

హోల్డరులో బల్బు లేదు.

“అవ్వా, బల్బు యాడ?”

“అదొక కత,” అంది చౌడేశ్వరి. “ఈ మధ్య పొద్దున్నే బల్బు ఊడదీసి సంచిలో పెట్టుకోని పనికి పోతాడు. సాయంకాలం తెచ్చి మళ్ళా తగిలిస్తాడు. ఏమిటికప్పా, దొంగలెత్తకపోతారనా అంటే నవ్వుతాడు. నిన్న ఆయన రాలే. అదీ రాలే.”

ఇంద్రాణి ఫోన్ తీసి నిన్నటి ఫొటోలు చూసుకుంది. శవం దగ్గర దొరికిన సంచి. అందులో అన్నం గిన్నె, వైరు కోసే కత్తెర, విభూతి పొట్లం. బల్బు లేదు.

పగటిపూట బల్బుతో ఏం పని? ఎవరు తీశారు?

చౌడేశ్వరి తన అరుగు మీదికి పోయి రాట్నం ముందు కూర్చుంది. కండెకు నూలు చుట్టసాగింది. నాలుగు చుట్లకు పోగు తెగింది. ముసలావిడ రెండు కొసలూ పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు నాలుకకు తాకించింది. కొసలు రెండూ కలిపి పురి తిప్పింది. అతుకు కనబడకుండా పోగు ఒకటైపోయింది.

ఇంద్రాణి కదలకుండా నిలబడిపోయింది.

“అవ్వా. మళ్ళా ఒగసారి చెయ్యి.”

“ఏంది?”

“ఇప్పుడు చేసినావే, అది.”

చౌడేశ్వరి పోగును తెంపి మళ్ళీ అతికింది. మళ్ళీ వేళ్ళు నాలుకకు పోయాయి.

“వేళ్ళు ఏమిటికి తడుపుతావు?”

“ఎండిన వేలికి పోగు చిక్కదు నాయనా. పురి నిలవదు. చిన్నప్పటినించి చేతికి అలవాటు. నూలుకు పిండి అద్దేటప్పుడు కూడా నోట్లోకి పోతాయి ఈ పాడు వేళ్ళు.”

“దొరస్వామి కూడా ఇట్లనేనా?”

“ఈ వీధిలో అతికేదానికి ఆయనే మొనగాడు. వెయ్యి పోగులు ఒకే పూటలో అతుకుతాడు.”

ఇంద్రాణి అరుగు మీద కూర్చుంది. “ఇంకొకటి చెప్పవ్వా. ఒకదాన్ని కోసేటప్పుడు మొదలంటా కొయ్యకుండా జానెడు ఇడిచిపెడితే, దానికి అర్థమేంది?”

ముసలావిడ ఆమెను విచిత్రంగా చూసింది. ఇంత పెద్ద ఉద్యోగం చేసే పిల్లకు ఇది తెలియదా అన్నట్టు.

“మళ్ళా అతకల్ల అని అర్థం. మగ్గం మింద పాత పడుగు అయిపోతే అంతా కోసెయ్యం. జానెడు మగ్గంలోనే ఇడిచిపెడతాం. కొత్త పడుగు తెచ్చి ఆ జానెడుకు పోగు పోగు అతుకుతాం. మొదలంటా కోసేస్తే పట్టుకునేదానికి ఏముంటాది?”

11.50. షెడ్డు.

వినోద్‌కుమార్ ఆఫీసు రూములో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇంద్రాణి అతన్ని పిలవలేదు. నేరుగా నీలం పట్టా దగ్గరకు పోయింది. ఒక మూల రాయి జరిపి, పట్టా అంచు ఎత్తింది.

లోపలినుంచి వేడి మొహానికి కొట్టింది.

మొదటి వరస చివరి ప్యానెల్ అంచు మీద ఒక తుండు పరిచి ఉంది. రెండుగా మడిచి, కాలే చట్రం మీద కూర్చోవడానికి వేసుకున్నట్టు. నడుమ నలిగిన ముడతలు. ఎర్ర అంచు తెల్ల తుండు, దొరస్వామి దండెం మీద చూసినలాంటిదే.

ఇంద్రాణి వైరు కొసలను తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి చూసింది. ప్రతి కొసనా నల్ల తోలు ఒలిచి రాగి బయటపెట్టారు. ఆ రాగి పోగులు నిటారుగా లేవు. అన్నీ ఒకే వైపుకు మెలికలు తిరిగి ఉన్నాయి. పురి పెట్టి, తర్వాత విప్పినట్టు.

పట్టాను ఎలా ఉన్నదో అలా కప్పేసింది. తర్వాత మూడు ఫోన్లు చేసింది. ఒకటి వేలూరులో ఉన్న షెడ్డు యజమానికి. ఒకటి స్టేషన్‌కు. మూడోది కరెంటు లైన్‌మన్ అణ్ణామలైకి.

12.50.

అందరూ వచ్చారు. యజమాని ఆనంద్‌రాజ్ కారు దిగి ఎండకు నొసలు చిట్లించుకుని నిలబడ్డాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య పాపన్. వెనకే గిన్నె పట్టుకుని నడిచి వచ్చిన సురేఖ. వినోద్‌కుమార్ చేతులు కట్టుకుని నీడలో ఉన్నాడు.

అణ్ణామలై మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకున్నాడు.

“ముందు మెయిన్ ఆపన్నా,” అంది ఇంద్రాణి.

అణ్ణామలై పోయి షెడ్డు మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. లోపల మెషిన్ల మూలుగు ఆగిపోయింది.

“ఇప్పుడు నిన్నటి మాదిరే. ఈ షెడ్డులో కరెంటు లేదు. సరేనా వినోద్?”

“లేదు మేడమ్.”

“అన్నా, కలుపు.”

అణ్ణామలై పట్టా అలాగే ఉండగా ఒక ప్యానెల్ కొసను పక్కదాని కొసకు ముడి వేస్తూ పోయాడు. ఎనిమిది ప్యానెళ్ళకు ఏడు ముళ్ళు. తను తెచ్చిన బల్బు హోల్డరు వైరును మొదటిదానికి ముడి వేశాడు. ఎనిమిది. ఇంకో వైరును చివరిదానికి. తొమ్మిది. చేతులు తీసి దూరం జరిగాడు.

ఇంద్రాణి పట్టా పట్టుకుని లాగింది.

ఎనిమిది అద్దాల మీద నడినెత్తి ఎండ పడింది. ఎవరికీ ఏమీ కనబడలేదు. ఆ వెలుతురులో దీపం ఎలా కనిపిస్తుంది? అణ్ణామలై వంగి బల్బుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతి నీడలో బల్బు పసుపుగా వెలుగుతోంది.

సురేఖ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“చెత్త,” అంది ఇంద్రాణి. “అందురూ ఆ మాటే అన్న్యారు. దొరస్వామి ఒక్కడే నమ్మలే. బతికిండేటివి ఏవో తెలుసుకునేదానికి ఆయనకు మీటరు లేదు, చదువు లేదు. తెగిన పోగును కనుక్కునే పద్ధతి ఒకటే తెలుసు. జానెడు వైరు ఇడిచిపెట్టి, ఒకదానికొకటి అతికి, ఇంట్లో ఉండే ఒక్క బల్బు తెచ్చి తగిలించినాడు. వెలిగితే అన్నీ బాగుండాయి. వెలగకపోతే వరసలో ఏదో ఒకటి చచ్చింది, దాన్ని తీసి ఇంకోటి పెట్టల్ల. పదైదు దినాలు అన్నం టైములో ఇదే పని. అన్నా, ఇప్పుడు ఇక్కడ ఎన్ని వోల్టులుంటాది?”

“ముడి ఇప్పి పట్టుకుంటే రెండొందల ఎనబై పైనే,” అన్నాడు అణ్ణామలై. “మన ఇంటి కరెంటు కంటే ఎక్కువ. దీంట్లో మోసం ఏమంటే మేడమ్, ఎనిమిది ముళ్ళు వేసేదాకా ఏమీ గాదు. పిల్లోడు కూడా వెయ్యొచ్చు. తొమ్మిదోది కలిపేటప్పుడు, ఆ కొసకూ ఈ కొసకూ మధ్యలో మనిషి చేతులుంటాయే, అంతా ఆ మనిషి మిందికే వస్తాది.”

“తడి వేళ్ళతో పట్టుకుంటే?”

“పడిపోవడమే.”

“నేసేవాడు అతికేటప్పుడు వేళ్ళు నాలుకకు తాకిస్తాడు. యాభై ఏండ్ల అలవాటు. నిన్న తొమ్మిదో ముడికి కూడా తాకించినాడు.” ఇంద్రాణి గొంతు కొంచెం తగ్గించింది. “ఆయన్ను ఎవురూ కొట్టలే.”

పాపన్ నేలకేసి చూస్తున్నాడు.

“అయితే యాక్సిడెంట్ అన్నమాట,” అన్నాడు ఆనంద్‌రాజ్ తేలికపడి.

“అయిపోలేదు సార్. నేను వచ్చేటప్పటికి ముళ్ళు లేవు. బల్బు లేదు. పైన పట్టా ఉండాది. చచ్చిపోయిన మనిషి ముళ్ళు ఇప్పి, బల్బు దాచి, తన తుండు మింద తానే పట్టా కప్పినాడా?” ఆమె తుండు చూపించింది. “ఆయన పోయినంక ఎవురో కప్పినారు. ఎవురు? నిన్న షెడ్డుకు వచ్చినవాళ్ళల్లో మిగిలింది ఇద్దురు.”

ఆనంద్‌రాజ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“పాపన్‌కు ఇవి చెత్త. చేతికి గుడ్డ కూడా లేకుండా ఇనుప కడ్డీతో కొట్టేదానికి పోయినాడు. ముళ్ళు ఇప్పింది అతనే అయితే ఎండలో అట్లనే ఇప్పుంటాడు. దొరస్వామి పక్కన రెండో శవంగా పడుంటాడు. కానీ ఇప్పినవానికి ఏమీ గాలే. ఏమిటికి? ముందు పట్టా కప్పినాడు. ఎండ పడకుండా చేసి, ఆ తర్వాత చెయ్యి పెట్టినాడు. ఇవి బతికుండాయని వానికి తెలుసు.” ఆమె తిరిగింది. “ఆనంద్‌రాజ్ సార్, వినోద్ మీకు ఫోన్ చేసింది ఎప్పుడు?”

ఆనంద్‌రాజ్ ఫోన్ తీసి వేలితో జరిపాడు. “ఒకటి ఇరవై రెండు. దొరస్వామి జారి పడినాడు, దెబ్బ తగిలింది అన్న్యాడు. ఆసుపత్రికి తీసుకపో అని చెప్పినా.”

“స్టేషన్‌కు ఫోన్ వచ్చింది రెండు గంటల అయిదు నిమిషాలకు. నడుమ నలభై మూడు నిమిషాలు. వినోద్, ఎండలో ప్యానెళ్ళు కప్పి పెట్టల్లని నీకు నేర్పించినారా, లేదా?”

వినోద్‌కుమార్ నీడలోనే కూర్చుండిపోయాడు. ఐడీ కార్డు చేత్తో పట్టుకున్నాడు.

“నేర్పించినారు,” అన్నాడు. “అయిదు దినాలు ట్రైనింగ్. మొదటి దినం మొదటి పాఠం అదే.”

“వీళ్ళకు చెప్పినావా?”

“లేదు. చెప్తే భయపడతారు, పని నిదానమవుతాదని. చెత్తేనప్పా, ఏమీ గాదు అని చెప్పినా.”

“ఆయన బల్బు వెలిగించేది చూసినావా?”

అతను తల ఊపాడు. “పోయిన వారం. ఆరు కలిపినాడు. ఆ పొద్దు మబ్బు. బల్బు మినుకుమినుకుమంటాండె. దాని ముందర కూర్చోని అన్నం తింటాండాడు, ఒక్కడే. చూసి నవ్వుకోని వచ్చేసినా మేడమ్. పిలిచి చెప్పుంటే…” ఆగాడు. “వచ్చే వారం లైసెన్స్ తనిఖీ ఉండాది. నిన్న ఆయన్ను చూసినాక నాకు చేతులాడలే. ముందు పట్టా కప్పినా. బల్బు తీసి గాజు పెంకులేసే డబ్బాలో ఏసినా. చంపలే మేడమ్.”

“చంపినావని నేనూ చెప్పలే,” అంది ఇంద్రాణి. “పాపన్‌ను తీసుకపోయేటప్పుడు గేటు దగ్గర నిలబడి చూస్తా ఉండావే. అప్పుడు నోరు యాడ పోయింది?”

వినోద్‌కుమార్ ఐడీ కార్డు మెడలోనుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

అణ్ణామలై పట్టా కప్పాడు. బల్బు ఆరిపోయింది.

1.35కు ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో అంతా విన్నాడు. “సరి. ఆ పాపన్‌ను విడిచిపెట్టమ్మా,” అన్నాడు. సాక్ష్యం దాచినందుకు వినోద్‌కుమార్‌ను జీపులో కూర్చోబెట్టారు.

సురేఖ మొగుడి చెయ్యి పట్టుకుంది. “పదయ్యా, ఇంటికి పోదాం. నిన్నటినించి ఒక ముద్ద తినలే.”

పాపన్ కదల్లేదు. “దినమూ అన్నం టైముకు నీడకు పిలుస్తా మేడమ్. వచ్చేదినం వస్తాడు, రాని దినం రాడు. పిలిచేది మాత్రం పిలుస్తా. నిన్న పిలవలే.”

కేసు డైరీలో రాయడానికి అందులో ఏమీ లేదు. అయినా ఇంద్రాణి మాట మార్చలేదు. అతని పక్కనే ఎండలో నిలబడింది.

“ఆయప్పను ఎప్పుడిస్తారు?” అన్నాడు పాపన్.

“రేపు మధ్యాహ్నం. వేలూరుకు పోయి ఎవురన్నా సంతకం పెట్టల్ల. ఆయనకు ఎవురూ లేరంట.”

“నేను పెడతా.” సురేఖ వైపు చూశాడు. “మీ యన్నను రమ్మను. పాడె ఎత్తేదానికి నలుగురు కావల్ల.”

“వస్తాడు,” అంది సురేఖ.

అణ్ణామలై తొడుగులు తీసి సంచిలో పెట్టుకుంటూ, “నేనొస్తా. సగం దినం లీవు పెడతా,” అన్నాడు.

“ముగ్గురు,” అన్నాడు పాపన్.

ఆనంద్‌రాజ్ వ్యాను తను పంపిస్తానన్నాడు. తను వస్తానని అనలేదు.

జీపులోనుంచి వినోద్‌కుమార్ గొంతు వినబడింది. “మేడమ్. కోర్టులో జామీను ఎప్పుడు దొరుకుతాది?”

“రేపు పొద్దున అడగొచ్చు. ఇస్తే ఇస్తారు.”

“ఇస్తే…” అతను పాపన్ కేసి చూడలేకపోయాడు. “నాలుగో మనిషి నేను రావచ్చునా?”

ఇంద్రాణి పాపన్ వైపు చూసింది. చెప్పాల్సింది ఆమె కాదు.

పాపన్ జీపు దగ్గరకు నడిచాడు. చాలాసేపు అతన్ని చూశాడు.

“దిగు,” అన్నాడు.

కానిస్టేబుల్ ఇంద్రాణి వైపు చూసింది. ఇంద్రాణి తల ఊపింది. వినోద్‌కుమార్ దిగి నిలబడ్డాడు. పాపన్ అతని పక్కకు వచ్చి భుజానికి భుజం ఆనించాడు. అరచెయ్యి అడ్డంగా పెట్టి ఎత్తు చూశాడు.

“నాకంటే నాలుగు వేళ్ళు పొట్టి,” అన్నాడు. “అణ్ణామలై అన్న నీ ఎత్తే. మీరిద్దురూ వెనక పట్టండి.”

తర్వాత సురేఖ చేతిలోని గిన్నె అందుకుని గేటు వైపు నడిచాడు.